చిట్టేరు డబ్బాకు సంతకం

డబ్బాలో ఏముండాలో ఏముండకూడదో తేల్చడం మా ఆఫీసులో ఒక పూట పని. రెండో టీ చల్లారేలోపు అయిపోతుంది. అలాంటి పనిని ప్రభుత్వం చేత చేయించాలని నాకెందుకు బుద్ధి పుట్టిందని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతూ ఉంటుంది. నాకు పుట్టలేదు, ఒప్పందంలో ఉంది అంటే నమ్మదు.

విశాఖలో మాది చిన్న కంపెనీ. అరచేతిలో పట్టే కంప్యూటర్లు తయారుచేసి అమ్ముతాం. వాటిని నడిపేది లినక్స్ అనే సాఫ్ట్‌వేరు. పెద్ద కంప్యూటర్లో అయితే దానికి కావలసినంత చోటు ఉంటుంది. చిన్న డబ్బాలో పోపులపెట్టె లెక్క, ఎన్ని గిన్నెలు పడితే అన్నే. అందుకని డబ్బా తయారుచేసే ముందు తెర మీదికి ఒక పట్టీ వస్తుంది. టైము చెప్పే పనిముట్టు కావాలా, ఫైళ్ళు వెతికే పనిముట్టు కావాలా, పక్క యంత్రాన్ని పలకరించే పనిముట్టు కావాలా అని వరసగా అడుగుతుంది. కావాలంటే పక్కనున్న గడిలో చుక్క పెట్టాలి, వద్దంటే ఖాళీగా వదిలేయాలి. కీబోర్డు మీద పొడుగు మీట ఒకసారి నొక్కితే చుక్క వస్తుంది, మళ్ళీ నొక్కితే పోతుంది. చేతిలో పనున్నవాడెవడూ దీని గురించి రెండుసార్లు ఆలోచించడు.

ఈ డబ్బాను నీటిపారుదల శాఖవారు చిట్టేరు రిజర్వాయరు కోసం అడిగారు. రిజర్వాయరు గేట్లు ఎత్తితే కింద ఏరు దాటే కాజ్‌వే మీదికి నీళ్ళు వచ్చేస్తాయి. ఆ కాజ్‌వే మీదుగానే దిబ్బలపేట ఆడవాళ్ళు పొద్దున్నే ఇవతలి ఒడ్డునున్న జీడిపప్పు ఫ్యాక్టరీకి నడిచివస్తారు. నీళ్ళు పెరుగుతున్నాయని కనిపెట్టి సైరన్ మోగించడం మా డబ్బా పని. అంతకన్నా దాన్నుంచి ఎవరూ ఏమీ కోరలేదు.

చోటు చూడటానికి వెళ్ళినప్పుడు తవిటమ్మ కనిపించింది. యాభై దాటిన మనిషి, జీడిపిక్కలు కొట్టి కొట్టి చేతులు నల్లబడిపోయాయి. కిందటి ఏడాది ఎవరూ చెప్పకుండా గేట్లెత్తితే ఆవిడ కాజ్‌వే పక్కనున్న రాయిని కావలించుకుని నీళ్ళు తగ్గేదాకా నిలబడిందట. నేను కొలతలు తీసుకుంటూంటే పక్కనే నిలబడి చూసి, చివరికి ఒకే ఒక్క మాట అడిగింది.

"బాబూ, నీలు రాకముందే అది కూత ఎడతాదా?"

పెడుతుందమ్మా అన్నాను. ఆ మాటే నా మెడకు చుట్టుకుంది.

ఒప్పందం ప్రకారం ఆ చుక్కల పట్టీ నకలు ఒకటి శాఖకు పంపాను. వారం తిరక్కుండా జవాబు వచ్చింది. సదరు పట్టీ యందు ఏ ఉపకరణము ఉండవలెనో, ఏది ఉండరాదో నిర్ణయించు విచక్షణాధికారము తమకు ఏ ఉత్తర్వు ద్వారా దఖలు పడినదో తెలియజేయవలసినదిగా కోరారు. పొడుగు మీట నొక్కడం విచక్షణాధికారమని నాకప్పటిదాకా తెలియదు. తెలియదని రాస్తే, తెలియకుండా వినియోగించినందుకు విచారం వెలిబుచ్చుతూ ఒక సంఘం వేశారు. దాని పేరు ఐచ్ఛిక ఆదేశోపకరణముల ఎంపిక సంఘం.

అధ్యక్షులు త్రివిక్రమరావు గారు. ఏదో కొండ మీది ఊళ్ళో శిక్షణ పొంది అప్పుడే దిగివచ్చారు. పాలన అంటే తగ్గించుకుంటూ పోవడమని అక్కడ ఆయనకు బోధపడింది. బల్ల మీద కాగితం ముక్క కూడా ఉండనివ్వరు. టెలిఫోను తీయించేశారు, గడియారం తీయించేశారు, పెన్నులు కూడా తీయించేశారు. మొదటి రోజు సమావేశానికి హాజరు వేయడానికి నా పెన్ను అడిగి తీసుకుని, పని కాగానే తన జేబులో పెట్టుకున్నారు. తగ్గించుకోవడమంటే ఏమిటో నాకూ కొంత బోధపడింది.

సంఘం పద్ధతి ఇలా ఉండేది. ఒక్కో పనిముట్టుకు ఒక్కో ఫారం. "ఉండవచ్చును" అనే గడి పక్కన అధికారి పేరు, హోదా, సంతకం, ముద్ర, ఏదైనా జరిగితే పూర్తి బాధ్యత నాదే అనే ఒక వాక్యం. "అవసరం లేదు" అనే గడి పక్కన ఏమీ లేదు. సంతకం పెట్టే చోటే లేదు. సమావేశం ముగిసేలోగా ఎవరూ మొదటి గడిలో సంతకం పెట్టకపోతే రెండో గడి దానంతటదే నిండినట్టు లెక్క. ఈ పద్ధతి చాలా ప్రజాస్వామికమైనదనీ, ఇంతవరకు ఏ నిర్ణయం మీదా ఎవరిమీదా విచారణ జరగలేదనీ త్రివిక్రమరావు గారు చెప్పారు.

మొదట టైము చెప్పే పనిముట్టు వచ్చింది. నీళ్ళు ఎన్నింటికి పెరిగాయో డబ్బాకు తెలియాలి కదా అన్నాను. గోడ గడియారం ప్రతి కార్యాలయంలోనూ మంజూరై ఉందని సూపరింటెండింగ్ ఇంజనీరు గారు గుర్తుచేశారు. డబ్బా టైముకూ గోడ గడియారం టైముకూ తేడా వస్తే ఏది ప్రభుత్వ సమయమనే ధర్మసందేహం కోర్టుకెక్కుతుందన్నారు. అందరూ తలలూపారు. సంతకం ఎవరూ పెట్టలేదు.

తర్వాతది, డబ్బా తనేం చేసిందో తనే రాసిపెట్టుకునే పనిముట్టు. సిబ్బంది వ్యవహారాలు చూసే ఆయన దీనికి గట్టిగా అడ్డుపడ్డారు. కింది ఉద్యోగి పనితీరు గురించి పై అధికారి రాయాలే తప్ప, కింది ఉద్యోగి తన గురించి తానే రాసుకోవడం ఈ శాఖ చరిత్రలో లేదన్నారు. అదీ పోయింది.

పక్క యంత్రాన్ని పలకరించే పనిముట్టు గురించి పెద్దగా చర్చ జరగలేదు. ఒక కార్యాలయం నేరుగా ఇంకో కార్యాలయాన్ని ఉన్నావా అని అడగడం మర్యాద కాదు, పై అధికారి ద్వారా అడగాలి అన్నారు. నేను నోరు తెరిచేలోపు ఫారం పక్కకు వెళ్ళిపోయింది.

డబ్బా బిగుసుకుపోతే దాన్ని మళ్ళీ మొదలుపెట్టే పనిముట్టు ఒకటుంటుంది. అది లేకపోతే అర్ధరాత్రి డబ్బా కొయ్యబారిపోయినా అడిగే దిక్కుండదు. భోజనాల వేళ దాకా దీని మీదే చర్చ నడిచింది. ఒక పరికరం ఎవరి అనుమతీ లేకుండా తనను తానే సస్పెండు చేసుకుని, తనను తానే తిరిగి విధుల్లోకి తీసుకోవడం ఎంతవరకు సబబు అని సూపరింటెండింగ్ ఇంజనీరు గారు అడిగారు. ఆ అధికారం తనకే లేదన్నారు. ఆ మాటలో కొంచెం బాధ కూడా వినిపించింది నాకు.

చివరికి షెల్ మిగిలింది. షెల్ అంటే మేస్త్రీ లాంటిది. మనం చెప్పింది విని మిగతా పనిముట్ల చేత పని చేయిస్తుంది. నీళ్ళు పెరిగితే సైరన్ మోగించు అనే నాలుగు వాక్యాలు రాసిపెడితే వాటిని చదివి అమలు చేసేది అదే. ఈ సంగతి వీలైనంత తేలిగ్గా వివరించాను. అయితే ఇది మధ్యవర్తి అన్నమాట అన్నారు త్రివిక్రమరావు గారు. మధ్యవర్తులను తొలగించడం ప్రభుత్వ విధానమట. కాబట్టి దీని మీద చర్చ కూడా అక్కర్లేదన్నారు. దానితోపాటే సైరన్ మోగించే పనిముట్టు ఫారం కూడా సంతకం లేకుండా వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండింది. వరండాలో ఆయన్ని ఆపి అడిగాను.

"సార్, ఇవన్నీ వద్దంటే ఇంక డబ్బా ఏం చేస్తుందండీ?"

"ఏమీ చేయకుండా ఉండటం కూడా ఒక స్థితేనండీ. మేం దాన్ని స్థిరత్వం అంటాం," అన్నారాయన చాలా సౌమ్యంగా. ఆయన జేబులో నా పెన్ను మెరుస్తోంది.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పాలి. మా పట్టీలో ప్రతి పనిముట్టుకూ ఒక సహాయ వాక్యం ఉంటుంది. ఈ పనిముట్టు ఏం చేస్తుంది, దీన్ని ఎలా వాడాలి అని రెండు ముక్కలు. చోటు చాలకపోతే మేం మొట్టమొదట తీసేసేది దాన్నే. దాని ఫారం చివరి రోజున వచ్చింది. ప్రజలకు సమాచారం ఇవ్వడానికి సంబంధించినది కాబట్టి దానికి నియమాలు తిరగబడ్డాయి. ఉంచితే ఎవరూ సంతకం పెట్టక్కర్లేదు, తీసేస్తేనే సంజాయిషీ రాసుకోవాలి. ఏకగ్రీవంగా ఆమోదించారు. చప్పట్లు కూడా కొట్టారు.

సహాయం ఇంగ్లీషులో ఉంటే లాభం లేదని శఠగోపాచార్యులు గారిని భాషా సలహాదారుగా వేశారు. ఆయన నిజంగా పండితుడు, పైగా చాలా కష్టపడే మనిషి. లేని పనిముట్లన్నిటికీ ఉన్న సహాయ వాక్యాలను ఆయన ఒంటిచేత్తో తిరగరాశారు. రెండు ముక్కలున్నచోట రెండు పేజీలయ్యాయి. డబ్బాలో ఉన్న చోటంతా వాటికే సరిపోయింది. ఇంకొంచెం చోటు ఇవ్వగలరా అని ఆయన నన్ను అడిగారు కూడా. సైరన్‌కు రాసిన సహాయం నాకిప్పటికీ కంఠతా వచ్చు.

"జలమట్టము నిర్ణీతావధిని అతిక్రమించిన తరుణమున ప్రమాదసూచక ధ్వనిని వెలువరింపదలచిన వారు ఈ ఉపకరణమును వినియోగించుకొనవలెను. ఇది మిక్కిలి ఉపయుక్తమైనది. ఇది ఈ పరికరమున అమర్చబడలేదు."

చివరి వాక్యం అధ్యక్షులవారు కలిపించారు. పారదర్శకత కోసమట.

ప్రారంభోత్సవం బ్రహ్మాండంగా జరిగింది. గేట్ల పక్కనున్న గదిలో డబ్బాను గోడకు బిగించి పూలదండ వేశారు. దానికి ఒక చిన్న తెర, తెర మీద శఠగోపాచార్యులు గారి వాక్యాలు ఒకదాని తర్వాత ఒకటి పాకుతూ వెళ్ళాయి. త్రివిక్రమరావు గారు మీట నొక్కగానే సైరన్ ఏరంతా వినబడేలా మోగింది. మోగించింది బయట పందిట్లో ఉన్న మైకుసెట్టు అబ్బాయి. కార్యక్రమం పట్టికలో "సైరన్ ధ్వని" అని ముందే అచ్చయిపోయింది కాబట్టి ఏదో ఒకటి మోగక తప్పలేదు. రాష్ట్రంలోకెల్లా అతి తక్కువ కరెంటు వాడే హెచ్చరిక పరికరమని దీనికి ఒక బహుమతి కూడా వచ్చింది. కరెంటు వాడటానికి అది చేసే పనేముంది కనక.

జనం మధ్యలో తవిటమ్మ ఉంది. నన్ను చూసి రెండు చేతులూ జోడించింది. నేను ముఖం తిప్పుకుని అవతల ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటించాను.

ఆగస్టులో ఎగువ కొండల మీద ఒకటే వాన. కంపెనీలో కూర్చోబుద్ధి కాక ఒక రాత్రి జీపు వేసుకుని చిట్టేరుకు బయల్దేరాను. తెల్లవారి వెలుగొచ్చే వేళకు గేట్ల దగ్గరికి చేరాను. అసిస్టెంట్ ఇంజనీరు జగ్గునాయుడు గదిలో ఫోను పట్టుకుని నిలబడి ఉన్నాడు. గేట్లెత్తమని పైనుంచి ఆర్డరు వచ్చిందనీ, ఎత్తేశామనీ చెప్పాడు. గోడ మీద డబ్బా ముద్దుగా వెలుగుతోంది. నీళ్ళు గీత దాటాయని దానికి తెలిసింది. ఆ సంగతి తెలిసినప్పుడు చేయడానికి దాని దగ్గర మిగిలింది ఒక్కటే, సంబంధిత సహాయాన్ని చూపించడం. జలమట్టము నిర్ణీతావధిని అతిక్రమించిన తరుణమున అంటూ తెర మీద అక్షరాలు నింపాదిగా పాకుతున్నాయి. జగ్గునాయుడు వాటిని చివరిదాకా చదివాడు. చదివాక సర్కిల్ ఆఫీసుకు ఫోన్ చేసి, ఊళ్ళోవాళ్ళకు కబురు పంపవచ్చా అని అడిగానన్నాడు. ఫైలు వెతుకుతున్నారట.

కిటికీలోంచి చూస్తే కాజ్‌వే మీద ఆడవాళ్ళ వరస కనిపించింది. టిఫిన్ క్యారియర్లు పట్టుకుని కబుర్లు చెప్పుకుంటూ నడుస్తున్నారు. వెనకాల తవిటమ్మ.

నేను పరిగెత్తి జీపులో కూర్చుని హారన్ మీద చెయ్యి వేశాను. తీయలేదు. చెయ్యి నొప్పెట్టేదాకా నొక్కుతూనే ఉన్నాను. మొదట ఎవరూ పట్టించుకోలేదు, రోడ్డు మీద హారన్ మోగితే ఎవరు పట్టించుకుంటారు? తవిటమ్మ మాత్రం ఆగింది. తలెత్తి గట్టు మీద జీపును చూసింది, తర్వాత ఏటి ఎగువకు చూసింది. ఆ తర్వాత ఆవిడ అరుపు నాకు హారన్ మోతలో కూడా వినిపించింది. అందరూ క్యారియర్లు వదిలేసి వెనక్కి పరిగెత్తారు. నీళ్ళు ఎర్రగా నురగ కక్కుకుంటూ వచ్చేశాయి. అందరినీ ముందు పంపి ఆవిడ ఒడ్డెక్కేసరికి మోకాళ్ళ దాకా తడిసిపోయింది. స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చేశాను. సిగ్గనిపించలేదు.

నాలుగో రోజున నాకు నోటీసు వచ్చింది. సదరు హారను మోగించుటకు తమకు గల అధికారము ఏమి, ఏ ఉత్తర్వు ప్రకారము మోగించితిరి, మోగించుటకు ముందు ఎవరి అనుమతి పొందితిరి, వివరణ ఇవ్వవలెను. వివరణ వినడానికి సంఘం మళ్ళీ కూర్చుంది. లబ్ధిదారుల అభిప్రాయం కూడా తీసుకోవాలని నియమం ఉందట. అందుకని తవిటమ్మను పిలిపించారు. ఆవిడ ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చి, గోడవార నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు.

ఈ పరికరం వల్ల మీకు కలిగిన ప్రయోజనం వివరించండమ్మా అన్నారు త్రివిక్రమరావు గారు. ఆ బాబు హారన్ కొట్టినాడు, మాం బతికినాం, ఆ డబ్బా ఏటి సేసినాదో నాకు తెల్దు అంది ఆవిడ. దాన్ని "తృప్తికరం" అని నమోదు చేసుకున్నారు.

ఆ తర్వాత హారన్ అంశం వచ్చింది. జీపు హారన్‌ను ఐచ్ఛిక ఉపకరణాల పట్టీలో చేర్చవచ్చా అని ఫారం తయారుచేసి పెట్టారు. దానితోపాటు నేను పట్టుబట్టి సైరన్ ఫారం కూడా మళ్ళీ పెట్టించాను. ఎవరైనా సంతకం చేస్తారా అని అధ్యక్షులు పైకప్పు చూస్తూ అడిగారు. అలవాటుగా అడిగే మాట అది. సూపరింటెండింగ్ ఇంజనీరు గారు చేతిగోళ్ళు చూసుకున్నారు. సిబ్బంది వ్యవహారాలాయన మంచినీళ్ళు తాగారు.

అప్పుడు గోడవార నుంచి తవిటమ్మ అడిగింది.

"కూతెట్టాలని రాసి సంతకం ఎట్టాలి, అంతే కదా బాబూ? నానెడతాను. ఎక్కడెట్టాలో సూపించండి."

 త్రివిక్రమరావు గారు గొంతు సవరించుకున్నారు. అమ్మా, సంతకం అంటే బాధ్యత అని నెమ్మదిగా చెప్పారు. రేపు ఏదైనా జరిగితే ముందు మిమ్మల్నే అడుగుతారు అన్నారు.

"ఏదైనా జరిగితే నీలల్లో ఉండేది నానే కదా. నన్నడగనానికి నానుండొద్దేటి?"

నియమాలు చూశారు. సంతకం పెట్టేది అధికారే అయి ఉండాలని ఎక్కడా లేదు. అధికారులు తప్ప ఇంకెవరైనా సంతకం పెడతారని ఆ ఫారం రాసినవాడికి తోచి ఉండదు. ఆ సంగతి తెలిసేసరికి గదిలో ఒక్కొక్కరి ముఖమే వికసించింది. పెళ్ళివారింట్లో వంటవాడు దొరికినట్టు సంబరపడ్డారు. ఆవిడకు కుర్చీ వేశారు, టీ తెప్పించారు. త్రివిక్రమరావు గారు జేబులోంచి నా పెన్ను తీసి స్వయంగా మూత విప్పి అందించారు.

తవిటమ్మ మహిళా సంఘంలో నేర్చుకున్న సంతకం పెట్టింది. ఒక్కో అక్షరం గీస్తూ, గీసినది చూసుకుంటూ. సైరన్‌కు పెట్టింది. ఉన్నవన్నీ తెచ్చేయండని సూపరింటెండింగ్ ఇంజనీరు గారు గుమాస్తాను పరుగెత్తించారు. టైముకు పెట్టింది, షెల్‌కు పెట్టింది, పలకరింపుకు పెట్టింది, తన గురించి తాను రాసుకోవడానికి పెట్టింది, పడిపోయి లేవడానికి పెట్టింది. ప్రతి కాగితం మీదా జీడి సొన మరక ఒకటి పడింది. అది ముద్ర కింద చెల్లుతుందని తీర్మానించారు. హారన్ మీద నోటీసు కూడా ఉపసంహరించుకున్నారు, హారన్‌కు కూడా ఆవిడే సంతకం చేసింది కాబట్టి.

ఆ మధ్యాహ్నమే చుక్కలు పెట్టి డబ్బా తయారుచేశాను. రెండో టీ చల్లారలేదు. చోటు కోసం శఠగోపాచార్యులు గారి సహాయాన్ని తీసేయాల్సి వచ్చింది. తీసేసినందుకు సంజాయిషీ కింద కూడా తవిటమ్మే సంతకం పెట్టింది. ఆచార్యులు గారికి కొంచెం మనసు నొచ్చుకుంది.

ఇప్పుడు చిట్టేరులో నీళ్ళు పెరిగితే సైరన్ మోగుతుంది. నీళ్ళ కంటే ముందే మోగుతుంది. ఈ విజయం చూసి శాఖవారు రాష్ట్రమంతటికీ ఒక సర్క్యులర్ పంపారు. ప్రతి హెచ్చరిక పరికరమునకు దిగువ ప్రాంతమున నివసించు ఒక బాధ్యురాలిని గుర్తించి, ఆమె సంతకము పొంది, ఏదైనా ప్రమాదము సంభవించినచో ఆమె నుండి వివరణ కోరవలెనని అందులో ఉంది. ఆ సర్క్యులర్ చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

మొన్న చిట్టేరు వెళ్ళినప్పుడు జగ్గునాయుడు జీడి ఫ్యాక్టరీ గుమ్మంలో ఫైలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. సైరన్ మీద దుమ్ము దులపడానికి శ్రీమతి తవిటమ్మ గారి అనుమతి కోరుతూ కాగితం తెచ్చాడు. ఆవిడ పిక్కలు కొట్టడం ఆపి, కాగితం వంక చూసి, ఏటి అవతలి గట్టు వంక చూసింది.

"ముందు ఒకపాలి కూతెట్టమను బాబూ, ఇంటాను. తరవాత ఎడతాను సంతకం."

జగ్గునాయుడు ఫోన్ చేశాడు. సైరన్ మోగింది. ఆగిపోయేదాకా తవిటమ్మ కదలకుండా విని, చెయ్యి చీర చెంగుకు తుడుచుకుని, పెన్ను అడిగింది. జగ్గునాయుడి దగ్గర లేదు. నాది ఇచ్చాను.